చెప్పమని అడగని పాస్టరమ్మగారు

మా పాస్టరమ్మగారు పోయారని సునీత ఫోన్ చేసినప్పుడు నేను ఐదో తరగతి పిల్లల చేత డిక్టేషన్ రాయిస్తున్నాను. "దీదీ, అమ్మగారు లేరు. పొద్దున నీంద్‌లో, నిద్రలోనే పోయారట," అంది. నేను సరేనన్నాను. ఫోన్ బల్ల మీద పెట్టి మిగిలిన మాటలు కూడా చెప్పాను. పిల్లలు రాశారు. పుస్తకాలు తెప్పించుకుని దిద్దాను. బెల్లు కొట్టాక హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళి సెలవు అడిగితే, ఎవరు పోయారని అడిగింది. మా చర్చి పాస్టరుగారి భార్య అన్నాను. బంధువులా అంది. కాదన్నాను. అన్నాక ఆ జవాబు సరైంది కాదని తెలిసింది గాని, సరైనది ఏమిటో తట్టలేదు.

ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు. నన్నెరిగినవాళ్ళకి ఇదేమీ కొత్త కాదు. కన్నీళ్ళు రావలసినప్పుడు అవే వస్తాయి, వాటికోసం ఎవరూ గుమ్మంలో నిలబడి ఎదురు చూడక్కర్లేదు అనేవారు పాస్టరమ్మగారు. నా గురించే అనేవారు. అందుకే ఏడవకుండానే ఆవిడ గురించి నాలుగు మాటలు రాయవచ్చని ధైర్యం చేస్తున్నాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. మా సంఘంలో ఎవరూ ఆవిణ్ణి పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. పెద్దవాళ్ళకి పాస్టరమ్మగారు, పిల్లలకి అమ్మగారు. పోర్ట్ బ్లెయిర్‌లో, మిన్నీ బే అనే సముద్రపు పాయ వైపు దిగే వాలులో మా తెలుగు చర్చి ఉంది. రేకుల కప్పు, సిమెంటు నేల. దాని వెనక పాస్టరుగారి ఇల్లు రెండు గదులు. ఆ రెండు గదులూ కలిపినా ఆ ఇంటి వంటిల్లంత ఉండవు. పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న మన తెలుగువాళ్ళలో కొందరికి ఆ వంటింటి సంగతి తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను.

సునామీ వచ్చిన ఏడు నాకు పదిహేనేళ్ళు. మా నాన్నది దీవుల మధ్య తిరిగే సర్కారు ఓడలో ఇంజన్ రూము ఉద్యోగం. మా అమ్మ దక్షిణాన కొసనున్న దీవిలో, క్యాంప్‌బెల్ బేలో ప్రైమరీ స్కూలు టీచరు. నేనూ మా తమ్ముడూ అమ్మ దగ్గరే ఉండి అక్కడే చదువుకునేవాళ్ళం. ఓడ అటు వచ్చినప్పుడల్లా నాన్న ఇంటికి వచ్చేవాడు. క్రిస్మస్ మర్నాడు ఆదివారం. అమ్మ చర్చికి వెళ్దామని తల దువ్వుకుంటూ ఉండగా భూమి కదిలింది. చాలాసేపు కదిలింది. అందరం బయటికి వచ్చేశాం. ఇల్లు కూలలేదు కదా అని ఊపిరి పీల్చుకునేలోగా, సముద్రం వెనక్కి పోయిందని ఎవరో అరిచారు. చూడ్డానికి పిల్లలందరితోపాటు మా తమ్ముడూ అటు పరుగెత్తాడు. అమ్మ నన్ను పక్కింటివాళ్ళతో గుట్ట మీదికి పొమ్మంది. తమ్ముణ్ణి తీసుకుని వెనకే వస్తానంది. నేను గుట్ట ఎక్కాను. వాళ్ళు రాలేదు.

దీన్ని ఇంతకన్నా పొడుగ్గా నేనెప్పుడూ చెప్పలేదు.

మమ్మల్ని ఓడలో పోర్ట్ బ్లెయిర్ చేర్చి ఒక స్కూల్లో క్యాంపు పెట్టి ఉంచారు. నాన్న వెతుక్కుంటూ అక్కడికి వచ్చాడు. చాపల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి నన్ను చూశాడు. చూసి, నా వెనక చూశాడు. నా వెనక ఎవరూ లేరు. ఆయన ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ తరువాత ఏడాది పాటు మా ఇద్దరి మధ్యా ఆ మాట రాలేదు.

సిప్పీఘాట్ వెళ్ళే దారిలో ఒక గది అద్దెకి తీసుకున్నాం. అక్కడ పొలాల్లోకి వచ్చిన సముద్రం వెనక్కి పోలేదు. కొబ్బరి చెట్లు ఉప్పునీళ్ళలో నిలబడే ఎండిపోయాయి. నేను వెళ్ళే స్కూలు బస్సు రోజూ ఆ నీళ్ళ పక్క నుంచే వెళ్ళేది. నాన్న ఓడ ఎక్కితే మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలిసేది కాదు. అన్నం వండుకునేదాన్ని. తిన్నానో లేదో గుర్తుండేది కాదు.

ఆదివారం చర్చికి వెళ్ళేదాన్ని. వెళ్ళమని ఎవరూ అనలేదు. క్యాంప్‌బెల్ బేలో ఆదివారమంటే వెళ్ళేవాళ్ళం, కాబట్టి ఇక్కడా వెళ్ళాను. సంఘంలో అందరూ మంచివాళ్ళే. బట్టలిచ్చారు, బియ్యం ఇచ్చారు, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. దేవుడు నిన్నెందుకో మిగిల్చాడమ్మా అన్నారు. ఆ ఎందుకో ఏమిటో నాకు తెలియదు. తలూపేదాన్ని. అప్పుడెలా జరిగింది, నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయి, అమ్మ నీకు కనిపిస్తూనే ఉందా అని అడిగేవాళ్ళు. దానికీ తలూపేదాన్ని.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు చాపలు చుడుతూ, తిన్నావా అని అడిగారు. తిన్నానన్నాను. "ఏటి తిన్నావ్?" అన్నారు. నాకు గుర్తు రాలేదు. ఆవిడ చాప అక్కడే వదిలేసి నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళారు. చేపల పులుసు వేసి అన్నం పెట్టారు. ఎదురుగా కూర్చుని చూడలేదు. నాకు వీపు పెట్టి ఏదో కడుక్కుంటున్నారు. నేను తిన్నాక చేటలో వెల్లుల్లి పోసి నా ముందు పెట్టారు. వేరే పనుందా అని అడిగారు. లేదన్నాను. అయితే ఒలువు అన్నారు. సాయంత్రం దాకా ఒలిచాను. ఆ పొద్దంతా ఆవిడ ఉల్లిపాయల ధర గురించీ, రేకుల మీద గెంతే పిల్లుల గురించీ, మేం అయ్యగారనే పాస్టరుగారి కళ్ళజోడు గురించీ మాట్లాడారు. సునామీ అన్న మాట ఆ వంటింట్లో ఆ రోజు ఎవరి నోటా రాలేదు.

నాన్న ఓడ మీద ఉన్నన్నాళ్ళూ నన్ను తన దగ్గరే ఉండమన్నారు ఆవిడ. సరేనన్నాను.

ఆ వంటింట్లో ఒక రేడియో ఉండేది. ఏ ఓడ ఎప్పుడు బయల్దేరుతుందో, ఎప్పుడు చేరుతుందో అందులో చెప్పేవాళ్ళు. అది వచ్చేటప్పుడు ఆవిడ గరిట కూడా కదపనిచ్చేవారు కాదు. సంఘంలో ఎవరి భర్త ఏ ఓడలో ఉన్నాడో, ఎవరి కొడుకు ఏ దీవిలో ఉన్నాడో ఆవిడకి తెలుసు. "మీ నాన్న ఓడ హట్ బే దాటిందట," అనేవారు నాతో. అంతకుమించి ఏమీ అనేవారు కాదు. కళ్ళజోడు తల మీద పెట్టుకుని ఇల్లంతా వెతికేవారు. పాట పాడితే శ్రుతి కుదిరేది కాదు, గొంతు మాత్రం అందరి గొంతులనీ మించి వినిపించేది. టీ పానకంలా చేసేవారు. కోపం కూడా ఎక్కువే. గిన్నె అడుగంటిస్తే అయ్యగారిక్కూడా చివాట్లు తప్పేవి కావు.

ఆ ఏడు నాలాంటి పిల్లలు ఇంకొందరు మా సంఘానికి వచ్చారు. హట్ బే నుంచి సునీత వచ్చింది. వాళ్ళ నాన్న దుకాణం కొట్టుకుపోయింది గాని మనుషులు దక్కారు. ఆ పిల్ల సగం హిందీ సగం తెలుగుతో ఆపకుండా మాట్లాడుతూ ఉండేది. ఆపితే వణుకు వచ్చేది. ప్రకాష్ అని పదిహేడేళ్ళ అబ్బాయి. వాళ్ళ అన్న పోయాడు. స్కూలు మానేశాడు. రాయి విసిరి చర్చి కిటికీ అద్దం పగలగొట్టాడు. శనివారం యువకుల కూటంలో ఒకసారి లేచి నిలబడి, దేవుడు లేడన్నాడు. ఉంటే మా అన్న ఉండేవాడన్నాడు. సంఘ పెద్ద ఒకాయన గద్దించబోయాడు. ఆయన నోరు తెరిచేలోగా వంటింటి గుమ్మంలోంచి పాస్టరమ్మగారి మాట వినిపించింది.

"విన్నాం నాన్నా. కూచో. టీ తాగీసి వెళ్దువు గాని."

ప్రకాష్ కూర్చున్నాడు. టీ తాగాడు. మరుసటి శనివారం మళ్ళీ వచ్చాడు. ఎందుకొచ్చావని నేనడిగితే, "చాయ్ కోసం, బస్, అంతే" అన్నాడు.

ఆ తరువాతే పాస్టరమ్మగారు ఇల్లిల్లూ తిరిగారు. ఈ పిల్లల్ని ఒక్క ప్రార్థనతో వదిలెయ్యకూడదు, ఒక్క ఇంటి మీదే పడెయ్యకూడదు అన్నది ఆవిడ ఆలోచన. వారంలో ఒక్కో రాత్రి ఒక్కో ఇంట్లో మాకు భోజనం. అబర్డీన్ బజార్‌లో బట్టల కొట్టు పెట్టుకున్న కుటుంబం ఒకటి, లెక్కల టీచరు దంపతులు, కరెంటు ఆఫీసులో పనిచేసే ఆయన ఇల్లు, ఇలా. వాళ్ళందరికీ ఆవిడ చెప్పింది ఒక్కటే. అడక్కండి, అన్నం పెట్టండి. వాళ్ళంతట వాళ్ళు చెబితే చేతిలో పని ఆపి వినండి. చెప్పకపోతే వాళ్ళ కంచం వాళ్ళని కడుక్కోనివ్వండి.

వినడానికి ఇది చాలా చిన్న సంగతి. చెయ్యడం కష్టమని మాకు కనిపించేది. బట్టల కొట్టు ఆంటీ అడగబోయి ఆగిపోయేది. ఆగిన ప్రతిసారీ మా కంచంలో ఇంకో చేప ముక్క పడేది. భోజనమయ్యాక అంకుల్ కింద కొట్లోకి తీసుకెళ్ళి, గిరాకీలు విప్పి పడేసిన చీరలు మా చేత మడత పెట్టించేవాడు. కొస కొస కలిపి సునీత ఒక వైపు, నేను ఒక వైపు. లెక్కల టీచరుగారు ప్రకాష్‌కి లెక్కలు చెబుతాననలేదు. తన కొడుక్కి చెబుతూ, నువ్వు కాస్త సరి చూడవయ్యా అని కాగితం చేతికిచ్చేవారు. మరుసటి ఏడు ప్రకాష్ మళ్ళీ స్కూల్లో చేరాడు.

నేను మాత్రం మంచి పిల్లనని పేరు తెచ్చుకున్నాను. చెప్పిన పని చేస్తాను, ఎదురు చెప్పను, పరీక్షలు రాస్తాను. అల్లరి చేసే ప్రకాష్ కోసం సంఘమంతా ఉపవాస ప్రార్థన పెట్టింది. ఆ కూటంలో పాస్టరమ్మగారు లేచి, ఈ మంచి పిల్ల కోసం కూడా చేద్దామండీ అన్నారట. ఆ అమ్మాయికేమైందని అందరూ ఆశ్చర్యపోయారట. ఏది అడిగినా సరే అంటోంది, అది బాగుండటం కాదు అన్నారట ఆవిడ. ఈ సంగతి సునీత నాకు చాలా ఏళ్ళ తరువాత చెప్పింది.

మరుసటి డిసెంబరు వచ్చింది. చర్చిలో పెద్ద కూటం ఏర్పాటు చేశారు. అటు వైపు నుంచి, అంటే ఆంధ్ర నుంచి, ఒక ప్రసంగీకుడు వచ్చాడు. సునామీలో బతికిన పిల్లలు సాక్ష్యం చెబితే బాగుంటుందని సంఘ పెద్ద అన్నాడు. సాక్ష్యమంటే దేవుడు తనకి చేసిన మేలు పదిమంది ముందూ చెప్పడం. నన్ను అడిగారు. సరేనన్నాను. పాస్టరమ్మగారు వద్దన్నారు. పిల్లే ఒప్పుకుంది కదా అన్నారు వాళ్ళు. అయ్యగారు ఎటూ చెప్పలేక ఊరుకున్నారు.

నా పేరు పిలిచారు. నడిచి వెళ్ళి మైకు పట్టుకున్నాను. అందరూ నన్నే చూస్తున్నారు. నా చేతిలో మైకు చల్లగా ఉందని తెలుస్తోంది. అంతకుమించి ఏమీ తెలియడం లేదు. ఒక మాట కూడా రాలేదు. భయం వల్ల కాదు. లోపల చెప్పడానికి ఏమీ లేదు. ప్రసంగీకుడు నా భుజం మీద చెయ్యేసి, చెప్పమ్మా, ఆ ఉదయం ఏం జరిగిందో చెప్పు అన్నాడు. జనంలో ఎవరో అప్పుడే ఏడవడం మొదలుపెట్టారు.

పాస్టరమ్మగారు ఆడవాళ్ళ చాపల మీది నుంచి లేచారు. మోకాళ్ళ నొప్పి, మెల్లిగా వచ్చారు. నా చేతిలోంచి మైకు తీసి సంఘ పెద్ద చేతికిచ్చారు.

"ఈ పిల్ల ఇంకా అన్నం తిన్లేదు. నేను తీసుకెళ్తన్నాను," అన్నారు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది, అది అందరికీ వినిపించింది.

తరువాత దాని మీద పెద్ద గొడవే అయింది. దేవుని పనికి అడ్డుపడ్డారని సంఘ పెద్ద ఆవిడ మొహం మీదే అన్నాడు. నేను వంటింట్లో ఉండి విన్నాను. ఆవిడ గొంతు పెంచలేదు. "సాక్ష్యమంటే దేవుడేం చేశాడో చెప్పడం కదండీ. ఆ పిల్లకి అదింకా తెలీదు. తెలిసిననాడు అదే చెప్తది. చెప్పకపోయినా మనకేటి?" అన్నారు. ఆయన కొన్నాళ్ళు మా చర్చికి రావడం మానేశాడు. ఆయన చెడ్డవాడు కాదని ఇక్కడ చెప్పాలి. క్యాంపులో మాకు మొదటి దుప్పట్లు తెచ్చి ఇచ్చింది ఆయనే.

అందరూ వెళ్ళాక ఆవిడ నా పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. అప్పుడు చెప్పారు. అంతకుముందు ఎవరి దగ్గరా నేను వినని సంగతి.

"నాకో కూతురుండేది పాపా. ఏడేళ్ళది. జొరమొచ్చి పోయింది. మీ అయ్యగారు అప్పుడే సేవలోకి వచ్చారు. దేవుడు నిన్నెలా ఓదార్చాడో చెప్పమన్నారు నన్ను సంఘంవాళ్ళు. చెప్పాను. బాగా చెప్పావన్నారు. ఇంకో ఊరికి పిలిచారు. అక్కడా చెప్పాను. ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఏడవాలో నాకే తెలిసిపోయింది. ఇప్పుడు దాని మొకం తల్చుకుందామంటే ఆ సాక్ష్యమే వస్తది. పిల్ల రాదు."

చెప్పి లేచి, పొయ్యి మీద గిన్నె దించారు. నేనేదో అనాలని ఆవిడ ఎదురు చూడలేదు.

కూటంలో జరిగింది నాన్న చెవిన పడింది. ఈ దీవుల్లో ఉంటే పిల్ల కోలుకోదు, అటు వైపు అమ్మమ్మ దగ్గరికి పంపించెయ్యమని ఎవరో ఆయనకి సలహా ఇచ్చారు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దూరంగా ఉన్న పల్లె అది. నాన్న వైజాగ్ ఓడకి టికెట్ తీసుకున్నాడు. నాకు చెప్పాడు. సరేనన్నాను. ఆయన తన డ్యూటీ ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం స్కూలు నుంచి వస్తూ రోడ్డు దాటుతున్నాను. బస్సు వస్తోంది. హారన్ వినిపించింది. అది నాకోసమేనని కూడా తెలుసు. కదలాలనిపించలేదు. చచ్చిపోదామని అనుకోలేదు. బతకాలనీ అనుకోలేదు. ఏమీ అనుకోలేదు. బస్సు నాకు మూరెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగి హిందీలో తిట్టాడు. కొబ్బరి బొండాలమ్మే ఒకామె నా చెయ్యి పట్టి పక్కకి లాగింది. బస్సులో మా సంఘంవాళ్ళు ఎవరో ఉన్నారు. సాయంత్రానికి పాస్టరమ్మగారికి తెలిసింది.

ఆవిడ నన్ను తిట్టలేదు. ఎందుకలా చేశావని అడగలేదు. మర్నాడు పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మనసుకి వైద్యం చేసే డాక్టరు ఉంటాడని నాకు అప్పటిదాకా తెలియదు. ప్రార్థన చాలదా, పిచ్చి డాక్టరు దగ్గరికెందుకని సంఘంలో కొందరన్నారు. జ్వరమొస్తే మాత్ర వేస్తున్నాం, అప్పుడు ప్రార్థన మానేస్తున్నామా అని ఆవిడ తిరిగి అడిగారు. అయ్యగారు ఎప్పటిలాగే ఎటూ తేల్చుకోలేరనుకున్నాను. ఆయన చొక్కా వేసుకుని మా వెనకే బస్సెక్కారు. ఆస్పత్రి బెంచీ మీద బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకుని, నన్ను లోపలికి పిలిచేదాకా కూర్చున్నారు. ఆ పూట ఆయన ఒక్క వాక్యం కూడా చదవలేదు. అది నాకు బాగా గుర్తుంది.

నాన్న ఓడ వచ్చిన రోజు ఆవిడ మనిషిని పంపి జెట్టీ నుంచే ఆయన్ని పిలిపించారు. అప్పటిదాకా నాన్న చర్చి గేటు దగ్గర నన్ను దించి వెళ్ళిపోయేవాడే గాని లోపలికి వచ్చేవాడు కాదు. ఆ రోజు యూనిఫారంతోనే వచ్చి వంటింట్లో పీట మీద కూర్చున్నాడు. ఆవిడ మా ఇద్దరికీ అన్నం వడ్డించారు. బస్సు సంగతి చెప్పారు. ఆయన తినబోతూ ఆగిపోయాడు.

"తమ్ముడూ, ఈ పిల్ల అన్నిటికీ సరే అంటది," అన్నారు ఆవిడ. "టికెట్ కొన్నావు, సరే అంది. ఇక్కడే ఉండమంటే దానికీ సరే అంటది. మీదికి బస్సొస్తంటే దానికీ సరే అన్నాది. నువ్వు దాన్ని ఏదైనా అడుగు. సరే అని జవాబు చెప్పడానికి వీల్లేనిది అడుగు. అది అడిగే హక్కు మాకు లేదు. నీకుంది."

అని వెళ్ళి గోడ వైపు కూర్చుని కొబ్బరి కోరడం మొదలుపెట్టారు.

నాన్న ఆగిన చేత్తోనే మళ్ళీ అన్నం కలపడం మొదలుపెట్టాడు. కొబ్బరి కోరుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మీ అమ్మ చివర్న నీతో ఏమంది?" అన్నాడు.

నేను నోరు తెరిస్తే మాట వచ్చింది. "చెప్పులేసుకుని వెళ్ళమంది. గుట్ట మీద ముళ్ళుంటాయంది."

"ఇంకా?"

"అంతే."

"వేసుకున్నావా?"

"వేసుకున్నాను."

నాన్న తల వంచుకుని అన్నం కలుపుతూనే ఉన్నాడు. కంచంలో పడుతున్నవి కన్నీళ్ళని నాకు కాసేపటికి గాని తెలియలేదు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు అప్పుడూ ఏడుపు రాలేదు. నేను చెయ్యి చాపి ఆయన మోకాలి మీద పెట్టాను. అది నేను అనుకునే పెట్టాను. ఎవరూ చెప్పలేదు. పాస్టరమ్మగారు వెనక్కి తిరగలేదు. చప్పుడు మాత్రం ఆగలేదు. కాసేపయ్యాక లేచి వచ్చి, పులుసు వెయ్యనా తమ్ముడూ అని అడిగి, ఆయన ఊ అనకముందే వేశారు.

అమ్మమ్మ దగ్గరికి వెళ్తావా అని నాన్న ఆ సాయంత్రం నన్ను అడిగాడు. వెళ్ళను అన్నాను.

ఏడాదికి పైగా మందులు వాడాను. ఆవిడ నాతో వచ్చేవారు. ఆవిడకి కుదరకపోతే బట్టల కొట్టు ఆంటీ, ఆమెకీ కుదరకపోతే లెక్కల టీచరుగారి భార్య. ఎవరూ నన్ను ఒంటరిగా పంపలేదు. తోడు వస్తున్నామని ఎవరితోనూ చెప్పుకోనూ లేదు. టీచరు ట్రైనింగ్ అయ్యాక ఇక్కడే ఉద్యోగం వచ్చింది. ప్రకాష్ ఎలక్ట్రీషియన్ అయ్యాడు. దేవుడి మాట ఇప్పటికీ ఎత్తడు. కానీ చర్చిలో ఫ్యాను ఆగితే ఫోను అతనికే వెళ్తుంది. నా సాక్ష్యం ఇంతవరకు నేను చెప్పలేదు. అది ఏదని సంఘంలో ఒక్కరు కూడా అడగలేదు.

శనివారం వంటిల్లు ఆగలేదు. సునామీ పిల్లలం పెద్దవాళ్ళమయ్యాం. వేరే పిల్లలు వచ్చారు. పరీక్ష తప్పినవాళ్ళు, తాగొచ్చి కొట్టే తండ్రులున్నవాళ్ళు, ఎవరితోనూ మాట్లాడక ఫోనులో తలదూర్చి కూర్చునేవాళ్ళు. వాళ్ళకి తెలుగు చదవడం రాదు, మాట్లాడేది సగం హిందీ. ఆవిడకి హిందీ అంతంత మాత్రమే. "బేటా, ఏ ఛీల్‌నా" అంటూ, ఒలవమని చిక్కుడుకాయలు ఇచ్చేవారు. ఆ హిందీకి వాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వాక కూర్చుని వలిచేవాళ్ళు.

షుగర్ వచ్చినా ఆవిడ టీ మార్చుకోలేదు. చూపు తగ్గింది. అయ్యగారు రిటైరయ్యాక కూడా సంఘం ఆ ఇద్దర్నీ ఆ ఇంట్లోంచి కదలనివ్వలేదు. కొత్త పాస్టరుగారికి వేరే ఇల్లు చూశారు. పోయిన నెలలో నేను వెళ్ళినప్పుడు ఆవిడ మంచం మీద కూర్చుని వేళ్ళతో తడుముకుంటూ వెల్లుల్లి ఒలుస్తున్నారు. నాన్న బాగున్నాడా అని అడిగారు. బాగున్నాడన్నాను.

"నువ్వు ఇప్పుడు అన్నిటికీ సరే అంటలేదు గదా?"

లేదన్నాను.

"ఏదీ, ఒక్కటి కాదను చూద్దాం," అన్నారు.

అప్పుడే ఎవరో టీ తెచ్చారు. నాకు పంచదార వద్దు అన్నాను. ఆవిడ చాలాసేపు నవ్వారు. నవ్వుతూ నా కప్పు కూడా తనే తీసుకున్నారు. ఆవిణ్ణి నేను చివరిసారి చూడటం అదే.

సమాధి కార్యక్రమానికి నాన్న వచ్చాడు. రిటైరై చాలాకాలమైంది, కర్ర పట్టుకుని నడుస్తాడు. ప్రకాష్, ఇంకొందరు పెట్టె మోశారు. సంఘ పెద్ద ముసలివాడైపోయాడు. ఆయన లేచి ప్రార్థన చేస్తాడనుకున్నాం గాని, నిలబడి, నాలుగు మాటలు అనబోయి, కూర్చున్నాడు. ఎవరూ ప్రసంగం పెద్దగా చెయ్యలేదు. పాటలు పాడారు. ఆ గొంతు లేకపోతే పాట ఎంత శ్రుతిలో ఉంటుందో అందరికీ ఒకేసారి తెలిసినట్టుంది, రెండో చరణం సగంలోనే ఆగిపోయింది.

సమాధుల తోట నుంచి తిరిగి వచ్చి ఇంటి వరండాలో కూర్చున్నాం. పెరట్లో తీగ మీద ఒక చీర ఉంది. తెల్లది, సన్నని నీలం అంచు. పోయే ముందు రోజు సాయంత్రం పాస్టరమ్మగారే ఉతికి ఆరేశారట. ఎవరూ తియ్యలేదు. మేము చూస్తూండగానే వాన వచ్చింది. ఇక్కడి వాన తెలుసు కదా, చెప్పి రాదు. వరండా నిండా ఆడవాళ్ళున్నారు. మామూలుగా అయితే పదిమంది పరుగెత్తేవాళ్ళు. ఎవరూ లేవలేదు. అయ్యగారు కూడా అటే చూస్తూ కూర్చున్నారు. చీర తడిసి బరువెక్కి, తీగ కిందికి జారి, అంచు గడ్డికి ఆనింది. కాసేపటికి వాన వెలిసింది. అంచు నుంచి నీళ్ళు కారడం చూస్తూ కూర్చున్నాం. ఎండ వచ్చింది, మిన్నీ బే మీది నుంచి గాలి తిరిగింది. మేము లేచి బయల్దేరే వేళకి చీర తేలికపడి, ఒక పక్క నుంచి మెల్లిగా కదలడం మొదలుపెట్టింది.